ఒకే పేరు, నాలుగు సినిమాలు: ఇంట్లో సినిమా ఫైళ్లకు పేరు పెట్టడం ఎందుకింత చిక్కు?

మా నాన్న దగ్గర ఒక నల్లటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంది. కేబుల్ కొంచెం లూజు. ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప కనెక్ట్ అవదు. దాన్నిండా సినిమాలే. పోయిన సంక్రాంతికి అందరం ఇంట్లో ఉన్నప్పుడు ఆయన "దేవదాసు పెట్టరా, చూద్దాం" అన్నారు. డిస్కు టీవీకి తగిలించి వెతికితే మూడు ఫైళ్లు దొరికాయి. మొదటిది తెరిస్తే 2006లో వచ్చిన రామ్, ఇలియానాల సినిమా. రెండోదాంట్లో అక్కినేని ఉన్నారు, సావిత్రి ఉన్నారు, కానీ మాటలు తమిళం. మూడోది తెలుగే, కాకపోతే సినిమా సగం నుంచి మొదలైంది. మొదటి సగం కోసం అరగంట వెతికాం. నాన్న కాసేపు చూసి "పోనీలేరా, రేపు చూద్దాం" అని లేచి వెళ్లి పడుకున్నారు.

ఆ మూడు ఫైళ్ల పేర్లు వరసగా 'దేవదాసు', 'దేవదాసు న్యూ', 'దేవదాసు2'. మూడు పేర్లలోనూ సినిమా పేరు ఉంది. అయినా ఏది ఏ సినిమాయో ఒక్కటీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయిందో తెలుసుకోవాలని మొదలుపెడితే ఊహించనంత లోతుకు వెళ్లాల్సి వచ్చింది.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో మళ్లీ వినిపిస్తోంది. ఓటీటీలు ఉండగా సొంత కాపీలు ఎందుకులే అనుకున్నవాళ్లు పాత డిస్కులు తిరిగి బయటకు తీస్తున్నారు. ఓటీటీలో సినిమా ఉండేది హక్కుల గడువు ఉన్నంతకాలమే. గడువు తీరితే నిన్న ఉన్న సినిమా ఇవాళ కనిపించదు. పాత తెలుగు సినిమాల విషయంలో ఇది మరీ ఎక్కువగా బాధిస్తుంది, వేరే చోట దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి.

ముందుగా ఒక మాట. ఇక్కడ మాట్లాడుకునేది సొంతంగా కొన్న డిస్కుల నుంచి దాచుకున్న కాపీలు, ఇంట్లో తీయించుకున్న వీడియోల గురించి. మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో డిస్కుకు వేసిన డిజిటల్ తాళం తీయడాన్ని నేరం అంటుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడన్న దానిపై వాదనలు ఉన్నాయి. పైరసీ కాపీకి మాత్రం ఎటు నుంచి చూసినా చోటు లేదు.

వీసీడీ కాలం నుంచి వచ్చిన వారసత్వం

మన ఇళ్లలో సినిమా మొదట 'ఫైలు'గా మారింది వీసీడీలతో. ఒక వీసీడీలో పట్టేది గంటా పావు సినిమా. రెండున్నర గంటల సినిమాకు రెండు డిస్కులు, మూడు గంటలదైతే మూడు. డిస్కును కంప్యూటర్లో తెరిస్తే 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డర్, అందులో సాధారణంగా 'ఏవీఎస్ఈక్యూ01.డాట్' అనే ఫైలు ఉండేవి. పౌరాణికమైనా, మసాలా సినిమా అయినా, మొదటి డిస్కయినా, రెండో డిస్కయినా అదే పేరు. వీసీడీ ప్రమాణంలోనే ఆ పేరు అలా రాసి ఉంది. ప్లేయర్‌కు ఒకసారికి ఒక డిస్కే కనిపిస్తుంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది డిస్కులోంచి బయటకు తీసినప్పుడు మొదలైంది. మొదటి డిస్కు ఒక ఫోల్డర్లోకి కాపీ చేస్తాం. రెండో డిస్కు పెట్టి అదే ఫోల్డర్లోకి కాపీ చేయబోతే, 'ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీదే రాసేయమంటారా?' అని కంప్యూటర్ అడుగుతుంది. 'అవును' నొక్కితే మొదటి సగం చెరిగిపోయి రెండో సగం దాని స్థానంలో కూర్చుంటుంది. మా మూడో దేవదాసుకు జరిగింది ఇదే. అలా ఏదో అడిగిందని, తను అవునని నొక్కానని నాన్నకు లీలగా గుర్తుంది. డిస్కు అరిగిపోతుందేమోనని జాగ్రత్తకోసం చేసిన కాపీ అది.

డీవీడీ వచ్చాకా పెద్దగా మారలేదు. 'వీడియో_టీఎస్' ఫోల్డర్, అందులో దాదాపు ఒక్కో గిగాబైట్ చొప్పున 'వీటీఎస్_01_1.వాబ్', 'వీటీఎస్_01_2.వాబ్' అంటూ ముక్కలు. ప్రతి సినిమాకూ అవే పేర్లు. తర్వాత పెన్ డ్రైవుల కాలంలో ఇంకో కారణంగా ముక్కలు చేయాల్సి వచ్చింది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవులో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. బ్లూరే నుంచి తీసిన సినిమా 20, 30 గిగాబైట్లు ఉంటుంది. దాంతో 'పార్ట్ 1', 'పార్ట్ 2', 'ఎ', 'బి' అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు పేర్లు పెట్టుకున్నారు. ఇవాళ చాలా హార్డ్ డిస్కుల్లో కనిపించే గందరగోళం బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఒక్కో కాలపు యంత్రం ఒక్కో రకం పేరు అడిగింది, అవన్నీ ఒకే డిస్కులోకి వచ్చి చేరాయి.

ఫైలు పేరు, ఫోల్డర్, మెటాడేటా: మూడూ మూడు పనులు

కొన్ని మాటలకు అర్థం ముందే చెప్పుకుంటే మిగతాది తేలిక. ఫైలు పేరు అంటే ఆ వీడియోకు మనం పెట్టిన పిలుపు. ఫోల్డర్ దాన్ని ఉంచిన చోటు. మెటాడేటా అంటే ఆ సినిమా గురించిన సమాచారం: దర్శకుడు, నటీనటులు, నిడివి, పోస్టర్, కథ నాలుగు ముక్కల్లో. ఇది ఫైలు పేరులో ఉండదు, విడిగా ఉంటుంది.

ప్లెక్స్, జెల్లీఫిన్, ఎంబీ వంటివి మీడియా సర్వర్లు. ఇంట్లో ఒక కంప్యూటర్లోనో, నాస్ అనే చిన్న స్టోరేజ్ పెట్టెలోనో నడుస్తూ, అందులోని సినిమాలను టీవీకీ ఫోన్లకూ ఓటీటీ యాప్‌లాగే పోస్టర్లతో చూపిస్తాయి. కోడి కూడా దాదాపు ఇదే పని టీవీ దగ్గరే ఉండి చేస్తుంది. ఆ పోస్టర్లు, వివరాలు ఎక్కువగా వచ్చేది టీఎండీబీ అనే డేటాబేస్ నుంచి. 2008లో మొదలైన ఈ డేటాబేస్‌లో ఎవరైనా వివరాలు చేర్చవచ్చు, దిద్దవచ్చు. ఐఎండీబీ అంతకంటే పాతది, 1990 నుంచీ ఉంది.

సర్వర్ మన ఫైలును ఎలా గుర్తుపడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఫైలు పేర్లను ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులోనే రాస్తున్నాను.

దేవదాసు (1953).ఎంకేవీ

సాఫ్ట్‌వేర్ ముందు చివరి చుక్క తర్వాతి భాగాన్ని, అంటే వీడియో ఫైలు రకాన్ని, పక్కన పెడుతుంది. బ్రాకెట్లో నాలుగు అంకెలు కనిపిస్తే అది విడుదలైన ఏడాది అనుకుంటుంది. మిగిలింది సినిమా పేరు. ఈ రెండింటితో డేటాబేస్‌ను అడుగుతుంది, సరిపోయేది దొరికితే వివరాలు తెచ్చి అతికిస్తుంది. అంతే. వీడియో తెరిచి చూసి అందులో ఉన్నది అక్కినేని అని గుర్తుపట్టడం జరగదు.

ఇప్పుడు ఇంకో పేరు చూడండి.

దేవదాసు న్యూ తెలుగు 720పీ సూపర్ ప్రింట్.ఎంకేవీ

వీడియో స్పష్టతను చెప్పే '720పీ' అనేది సినిమా పేరు కాదని సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, అలాంటి మాటల జాబితా దాని దగ్గర ఉంటుంది. 'న్యూ' సంగతేంటి? 'సూపర్' సంగతేంటి? ఆ మాటలతో మొదలయ్యే సినిమాలూ ఉంటాయి. ఎక్కడ పేరు ఆగి, ఎక్కడ వర్ణన మొదలైందో దానికి తెలియదు కాబట్టి ఊహిస్తుంది. కొన్నిసార్లు ఊహ నిజమవుతుంది, కొన్నిసార్లు ఏ సంబంధమూ లేని సినిమా పోస్టర్ వచ్చి కూర్చుంటుంది.

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. ఇది ఏ సినిమా అనేది ఒక ప్రశ్న, ఇది ఎలాంటి సినిమా అనేది ఇంకో ప్రశ్న. ఫైలు పేరు మొదటి ప్రశ్నకు జవాబు చెబితే చాలు. రెండోదాని బరువు కూడా దాని మీదే వేసినప్పుడు మొదటి జవాబే చెడిపోతుంది.

ఏడాది అంటే సినిమాకు ఇంటిపేరు

ఒకే వీధిలో నలుగురు సుబ్బారావులు ఉంటే మనం ఏం చేస్తాం? ఇంటిపేరు కలిపి పిలుస్తాం. సినిమాకు ఆ పని ఏడాది చేస్తుంది.

దేవదాసునే తీసుకుందాం. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించినది. 1974లో కృష్ణ హీరోగా విజయనిర్మల తీసినది. 2006లో వై.వి.ఎస్. చౌదరి తీసినది. 2018లో నాగార్జున, నాని నటించిన 'దేవదాస్'. తెలుగులోనే ఇన్ని ఉంటే, హిందీలో 1955, 2002ల్లో వచ్చినవీ ఇదే పేరుతో డేటాబేస్‌లో ఎదురుపడతాయి. మాయాబజార్ 1936లో ఉంది, 1957లో ఉంది, 2006లో ఉంది. తొలిప్రేమ 1998లో ఒకటి, 2018లో ఒకటి. మరోచరిత్ర 1978, 2010. మన పరిశ్రమలో పాత హిట్టు పేరు మళ్లీ పెట్టుకోవడం మామూలే కాబట్టి, తెలుగు సినిమాల కలెక్షన్‌లో ఏడాది లేని పేరుకు అర్థం సగమే.

ఏడాదిని బ్రాకెట్లోనే ఎందుకు పెట్టాలని కొందరు అడుగుతారు. పేరే అంకె అయినప్పుడు కారణం తెలుస్తుంది. కేరళ వరదల మీద 2023లో వచ్చిన మలయాళ సినిమా పేరు '2018', తెలుగులోనూ డబ్ అయింది. '2018.ఎంకేవీ' అని ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఏడాది అనుకోవచ్చు, అప్పుడు సినిమాకు పేరే మిగలదు. '2018 (2023)' అంటే ఏది పేరో, ఏది ఏడాదో తేలిపోతుంది.

ఏడాది కూడా చాలని చోట్లు

అయితే ఏది విడుదలైన ఏడాది? శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. కానీ దానికి జాతీయ అవార్డులు వచ్చింది 1979 సినిమాల లెక్కలో. ఇంట్లో పెద్దవాళ్లు అవార్డుల ఏడాదిని గుర్తుపెట్టుకుని '1979' అని రాస్తే, అది తప్పు జ్ఞాపకం అనలేం. అయినా డేటాబేస్ దగ్గర ఆ జంట కుదరకపోవచ్చు. ఇక్కడ నిజం ఏమిటన్నదాని కంటే, మనమూ డేటాబేసూ ఒకే ఏడాది వాడుతున్నామా లేదా అన్నదే పనికొస్తుంది.

దేవదాసులో ఇంకో మెలిక ఉంది. 1953లోనే అదే నటీనటులతో తమిళంలోనూ తీశారు. అంటే పేరు దాదాపు ఒకటే, ఏడాది ఒకటే, ముఖాలూ అవే. మా డిస్కులో రెండో ఫైలు అలా వచ్చిందే. ఇలాంటి చోట ఇంటిపేరు కూడా సరిపోదు, ఆధార్ నంబరులాంటిది కావాలి. డేటాబేస్‌లో ప్రతి సినిమాకూ విడి నంబరు ఉంటుంది. ఆ నంబరును ఫోల్డర్ పేరులో చేరిస్తే సర్వర్ ఇక ఊహించదు, నేరుగా ఆ నంబరున్న సినిమానే తెస్తుంది. చిక్కేమిటంటే రాసే తీరు ఒక్కో సర్వర్‌కు ఒక్కోలా ఉంటుంది. ప్లెక్స్ పూల బ్రాకెట్ అడుగుతుంది, జెల్లీఫిన్ చదరపు బ్రాకెట్ అడుగుతుంది. నంబరు మనిషి చదివి అర్థం చేసుకునేది కాదు, పేరు పొడుగవుతుంది అని దీన్ని వద్దనేవాళ్లు ఉన్నారు. వందల సినిమాలున్న ఇంట్లో అన్నిటికీ కాక, తడబడే సినిమాలకు మాత్రమే నంబరు పెట్టుకునే వాళ్లూ ఉన్నారు.

డబ్బింగ్ సినిమాల దగ్గర రెండు వాదాలూ బలమైనవే. 2019లో కార్తి నటించిన తమిళ 'కైతి' తెలుగులో 'ఖైదీ'గా వచ్చింది. మన ఇళ్లలో 'ఖైదీ' అంటే ముందు గుర్తొచ్చేది 1983లో వచ్చిన చిరంజీవి సినిమా. కార్తి సినిమా ఫైలుకు ఏ పేరు పెట్టాలి? మూలం పేరే పెట్టాలనేవాళ్ల మాట: డేటాబేస్‌లో అసలు పేరు అదే, డబ్బింగ్ అనేది ఆ సినిమాకు ఇంకో ఆడియో మాత్రమే. తెలుగు పేరే పెట్టాలనేవాళ్ల మాట: మా ఇంట్లో దాన్ని 'ఖైదీ' అనే అడుగుతారు, ఆ పేరుతో దొరకని సినిమా లేనట్టే. ఒకే ఫైలులో తమిళం, తెలుగు ఆడియోలు రెండూ ఉంటే మొదటి వాదం సహజంగా అనిపిస్తుంది. తెలుగు మాటలు మాత్రమే ఉన్న ఫైలుకు రెండోది. ఇందులో గెలుపు ఓటములు లేవు. ఒకే ఇంట్లో కొన్ని అలా, కొన్ని ఇలా ఉన్నప్పుడే వెతుకులాట మొదలవుతుంది.

హీరోకో ఫోల్డరా, సినిమాకో ఫోల్డరా?

తెలుగిళ్లలో హార్డ్ డిస్క్ తెరిస్తే మొదట కనిపించేవి హీరోల ఫోల్డర్లు. ఎన్టీఆర్, ఏఎన్నార్, కృష్ణ, చిరంజీవి. ఇది మనం సినిమాలను తలుచుకునే తీరు. 'ఎన్టీఆర్ సినిమా ఏదైనా పెట్టు' అంటాం కానీ '1962లో వచ్చింది ఏదైనా పెట్టు' అనం.

సరే, గుండమ్మ కథ ఎక్కడ పెట్టాలి? ఇద్దరూ ఉన్నారు. మిస్సమ్మలోనూ ఇద్దరూ ఉన్నారు, మాయాబజార్‌లోనూ ఉన్నారు. 2014లో వచ్చిన 'మనం'లో అక్కినేని వంశం మూడు తరాలు ఉన్నాయి. రెండు ఫోల్డర్లలోనూ కాపీ పెడితే చోటు రెట్టింపు అవుతుంది. పైగా ఒక కాపీకి సబ్‌టైటిల్ చేర్చి రెండోదాన్ని మరిచిపోతాం. షార్ట్‌కట్ పెడదామంటే, డ్రైవును టీవీకి నేరుగా గుచ్చినప్పుడు టీవీ ఆ షార్ట్‌కట్‌ను పట్టించుకోదు. జానర్ల ఫోల్డర్లకూ ఇదే ఇబ్బంది. జానపదంలో హాస్యం ఉంటుంది, పౌరాణికంలో ప్రేమకథ ఉంటుంది.

సమస్య మూలం ఏమిటంటే ఒక ఫైలు ఒకసారికి ఒక చోటే ఉండగలదు, ఒక సినిమాకు మాత్రం ఎన్నో గుణాలు ఉంటాయి. మీడియా సర్వర్ ఈ ముడిని వేరేలా విప్పుతుంది. ఫైళ్లన్నీ 'సినిమాలు' అనే ఒక్క ఫోల్డర్ కింద, ఒక్కో సినిమాకు ఒక్కో చిన్న ఫోల్డర్‌గా ఉంటాయి. సావిత్రి పేరు మీద నొక్కితే సావిత్రి సినిమాలన్నీ, పౌరాణికం అంటే పౌరాణికాలన్నీ మెటాడేటా చూసి అప్పటికప్పుడు వరుసలో పేరుస్తుంది. ఒకే గుండమ్మ కథ నాలుగు వరుసల్లో కనిపిస్తుంది, డిస్కులో ఉన్నది ఒక్కటే.

అలాగని హీరో ఫోల్డర్లు తప్పని తేల్చేయలేం. సర్వర్ లేని ఇంట్లో, పెన్ డ్రైవును టీవీ వెనక గుచ్చి రిమోట్‌తో వెతికే మనిషికి ఐదు వందల ఫోల్డర్ల జాబితా ఒక శిక్ష. బాణం గుర్తు నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుడుతుంది. ఆ మనిషికి పది హీరో ఫోల్డర్లే సుఖం. మా నాన్న ఇప్పటికీ అలాగే చూస్తారు, అందుకే ఆయన డ్రైవులో హీరో ఫోల్డర్లు అలాగే ఉంచాను. లోపలి ఫైళ్ల పేర్లే మారాయి.

ఒకే సినిమా, రెండు కూర్పులు

1957 నాటి మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. మరి రంగుల కాపీకి ఏ ఏడాది? 2010 అని రాస్తే డేటాబేస్‌కు అది దొరకకపోవచ్చు, లేదా వేరే సినిమా అనుకోవచ్చు. సినిమా అదే కాబట్టి 1957నే ఉంచి తేడాను చివర చెప్పే పద్ధతిని సర్వర్లు అర్థం చేసుకుంటాయి.

మాయాబజార్ (1957) అనే ఫోల్డర్లో:
మాయాబజార్ (1957) - నలుపు తెలుపు.ఎంకేవీ
మాయాబజార్ (1957) - రంగులు.ఎంకేవీ

రెండు పేర్ల మొదటి భాగం అక్షరం తేడా లేకుండా ఫోల్డర్ పేరుతో కలవాలి. అప్పుడే జెల్లీఫిన్ వంటివి వాటిని ఒకే పోస్టర్ కింద ఉంచి, ఏది కావాలని అడుగుతాయి. ముక్కలుగా ఉన్న పాత వీసీడీ కాపీలకు 'పార్ట్1', 'పార్ట్2' అని చివర రాస్తే ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తాయి. సబ్‌టైటిల్ ఫైలుకూ ఇదే సూత్రం: సినిమా పేరు, చుక్క, భాష గుర్తు. తెలుగుకు అంతర్జాతీయ గుర్తు రెండక్షరాల్లో 'టీఈ', మూడక్షరాల్లో 'టీఈఎల్'.

720పీ, 1080పీ, ఏ కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) వంటి సాంకేతిక వివరాలు పేరులో ఉండాలా అన్నది తెగని చర్చ. ఆ వివరాలు వీడియో లోపలే ఉంటాయి, సర్వర్ చదువుకుంటుంది, మళ్లీ పేరులో ఎందుకని కొందరి ప్రశ్న. సర్వర్ రేపు ఉండకపోవచ్చు, పేరు మాత్రం ఫైలుతోనే వస్తుంది కదా అని రెండోవాళ్ల జవాబు. ఒకే సినిమాకు రెండు నాణ్యతల కాపీలు ఉన్న చోట రెండోవాళ్ల మాటే పనికొస్తుంది. ఒక్క కాపీ ఉన్న చోట ఆ అంకెలు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు.

తెలుగు అక్షరాల్లో పేరు పెడితే ఏమవుతుంది?

నాకు బాగా పట్టిన చోటు ఇదే. తెలుగు సినిమాకు తెలుగులో పేరు ఎందుకు పెట్టకూడదు? పెట్టొచ్చు. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నీ యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి భాషా గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే పద్ధతి) తెలుగును ఫైలు పేరుగా ఒప్పుకుంటాయి. చిక్కులు ఇంకా లోపల ఉన్నాయి.

మొదటిది పొడవు. కంప్యూటర్ లెక్కలో 'మాయాబజార్' ఐదు అక్షరాలు కాదు. మ, దీర్ఘం, య, దీర్ఘం, బ, జ, దీర్ఘం, ర, పొల్లు, మొత్తం తొమ్మిది గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే 27 బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తొమ్మిదికి తొమ్మిదే. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లను దాచే పద్ధతిలో) ఒక పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగు గుర్తులు 85. ఇళ్లలో వాడే నాస్ పెట్టెలు చాలావరకు లినక్స్ మీదే నడుస్తాయి.

పెద్ద పేరుతో లెక్క వేసి చూద్దాం. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు (2013).ఎంకేవీ'. తెలుగు గుర్తులు 29, అంటే 87 బైట్లు. మధ్య ఖాళీలు, బ్రాకెట్లు, ఏడాదికి 10. చివర చుక్కతో కలిపి ఇంగ్లీషులో ఉండే మూడక్షరాలకు 4. మొత్తం 101. ఇబ్బంది లేదు. కానీ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే కొన్ని నాస్ పెట్టెల్లో హద్దు 143 బైట్లకు పడిపోతుంది. అక్కడ ఈ పేరుకు 'విస్తరించిన కూర్పు' అని తెలుగులో ఒక ముక్క చేర్చినా హద్దు దాటి, కాపీ మధ్యలో ఆగిపోతుంది. వచ్చే ఎర్రర్‌లో తెలుగు ప్రస్తావనే ఉండదు, పేరు పెద్దదయిందని మాత్రం అంటుంది. స్క్రీన్ మీద చూస్తే పేరు అంత పెద్దగా కనిపించదు.

రెండోది కంటికి కనిపించని గుర్తు. తెలుగులో 'బజార్‌లో' అని రాసేటప్పుడు 'ర్' కింద 'ల' ఒత్తుగా పోకుండా మధ్యలో ఒక అదృశ్యమైన గుర్తు వేస్తాం. అది మాట చివర పొరపాటున మిగిలిపోతే 'మాయాబజార్' రెండు రకాలుగా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు ఒకటి తొమ్మిది గుర్తులు, ఇంకొకటి పది. సినిమా ఫైలుకు ఒకటి, సబ్‌టైటిల్‌కు ఇంకొకటి పడితే రెండూ కలవవు. ఎంతసేపు చూసినా తేడా కనపడదు కూడా.

మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. 'ఖైదీ'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింది ఐత్వపు వంపు అని రెండు గుర్తులుగా. మామూలు కీబోర్డుతో కొడితే మొదటిది వస్తుంది. యాపిల్ పాత మ్యాకుల్లోని ఫైల్ సిస్టమ్ మాత్రం పేర్లను విడదీసి రెండోలా దాచుకునేది. అలాంటి మ్యాక్ నుంచి వచ్చిన 'ఖైదీ' ఒకటి, విండోస్ నుంచి వచ్చిన 'ఖైదీ' ఒకటి లినక్స్ పెట్టెలో పక్కపక్కనే కూర్చోగలవు. ఒకటి 12 బైట్లు, ఇంకొకటి 15. మనకు ఒకటే పదం, దానికి రెండు.

అయితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే సుఖమా? అక్కడ స్పెల్లింగ్ బాధ. 'సీతమ్మ'లో ఈ దీర్ఘానికి 'ఇ' రెండుసార్లా, 'ఐ' ఒక్కసారా? 'త' తర్వాత 'హెచ్' ఉండాలా? 'బజార్'లో 'ఎ' ఒకటా రెండా? పోస్టర్ మీద ఒకలా, సెన్సార్ సర్టిఫికెట్ మీద ఒకలా, డేటాబేస్‌లో ఇంకోలా కనిపిస్తే ఎవరిని నమ్మాలి? తెలుగు లిపిలో ఈ బాధ లేదు, ఉన్న పేరు ఉన్నట్టే రాస్తాం. విరామ చిహ్నాల సంగతి మాత్రం ఏ లిపిలోనైనా ఒకటే. 'బాహుబలి: ది బిగినింగ్'లోని రెండు చుక్కలను విండోస్ ఫైలు పేరులో రానివ్వదు, ప్రశ్నార్థకాన్నీ రానివ్వదు. వాటి స్థానంలో చిన్న గీతో ఖాళీయో పెట్టుకోవాల్సిందే.

ఈ రెండు పక్షాల మధ్య ఒక దారి ఉంది. సర్వర్‌లో చూపించే పేరు, డిస్కులో ఉన్న ఫైలు పేరు ఒకటే కానక్కర్లేదు. మెటాడేటా భాష తెలుగు అని పెట్టుకుంటే, డేటాబేస్‌లో ఎవరైనా తెలుగు పేరు చేర్చి ఉంటే అదే తెర మీద కనిపిస్తుంది. చేర్చకపోతే మనమే చేర్చవచ్చు. లేదా సినిమా ఫోల్డర్లో ఎన్ఎఫ్ఓ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంచి, అందులో తెలుగు పేరు రాస్తే జెల్లీఫిన్ వంటి సర్వర్లు దాన్నే చదువుతాయి.

డేటాబేస్‌లో లేని వీడియోలు

సినిమాలు సర్దుతుంటే అదే డిస్కులో అక్క పెళ్లి వీడియో దొరికింది. ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'పెళ్లి' అని మాత్రమే ఉంది. సర్వర్‌కు ఎక్కించగానే 1997లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'పెళ్లి' పోస్టర్ దాని మీద వచ్చి కూర్చుంది. సర్వర్ తప్పేమీ లేదు. పేరు ఏం చెప్పిందో అదే విన్నది.

పెళ్లి వీడియో, అన్నప్రాశన, నానమ్మ షష్టిపూర్తి వంటివి ఏ డేటాబేస్‌లోనూ ఉండవు. అందుకే సర్వర్లలో హోమ్ వీడియోలకు వేరే విభాగం ఉంటుంది, అక్కడ పెట్టినవాటికి బయట వెతకడం జరగదు. ఇక్కడ పేరు చేయాల్సిన పనీ మారుతుంది. సినిమాకు ఏడాది చాలు, ఇంటి వీడియోకు తేదీ కావాలి. మనం రోజూ రాసే '12-05-2004' తీరులో రాస్తే కంప్యూటర్ ముందు 12ను చూస్తుంది, దాంతో అన్ని ఏళ్ల పన్నెండో తేదీలూ ఒకచోట చేరతాయి. '2004-05-12' అని తిప్పి రాస్తే పేర్ల వరుసే కాలం వరుస అవుతుంది.

2004-05-12 అక్క పెళ్లి - 01 పెళ్లికూతుర్ని చేయడం
2004-05-12 అక్క పెళ్లి - 02 ఎదుర్కోలు
2004-05-12 అక్క పెళ్లి - 03 జీలకర్ర బెల్లం

అంకె ముందు సున్నా ఎందుకంటే, చాలా టీవీలు 1 తర్వాత 10 చూపించి ఆ తర్వాత 2కు వస్తాయి.

సినిమాలో ఎవరు నటించారో లోకానికి తెలుసు, ఎవరో ఒకరు రాసిపెట్టారు. ఈ వీడియోలో ఎవరు ఎవరో తెలిసినవాళ్లు ఇంట్లో ముగ్గురే మిగిలారు. అందుకని ఆ ఫోల్డర్లో నేనే ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో మొదలుపెట్టాను. ఆయన ఆపమన్న చోటల్లా ఆపుతూ టైము, మనిషి వివరం రాసుకున్నాను. '14:20, మండపం ఎడమపక్క, ఆకుపచ్చ పట్టుచీర: నాన్న మేనత్త, రాజమండ్రి నుంచి వచ్చింది.' '14:50, తలంబ్రాల పళ్లెం పట్టుకున్న అబ్బాయి: తెలియదు, అత్తయ్యను అడగాలి.' మొదటి భాగం పూర్తయ్యేసరికి రాత్రి పదిన్నర అయింది. ఎదుర్కోలు రేపు చూద్దామన్నారు నాన్న.